గొడ్లదారి పచ్చబిళ్ళ

నోలీన్ ట్రెంబత్ ముప్పయి ఏళ్లకు పైగా మంచుకొండ మీద కాపురం చేసింది కాని, మంచు మీద ఒక్కనాడూ జారి ఎరగదు. కార్మోడీ కొండకి కొత్తగా వచ్చినవాళ్లు ఈ మాట విని నవ్వేవాళ్లు. ఆమె కూడా నవ్వేది. అందరూ పైనుంచి జారేవాళ్లే అయితే కింద సూపు ఎవరు కాస్తారు అనేది.

ఆమె పుట్టి పెరిగింది గోధుమ చేల మధ్య. ఎనిమిదో తరగతితో చదువు మానిపించారు. తమ్ముళ్లు నలుగురు, తల్లికి కీళ్ల జబ్బు, ఇంటి పని ఎవరో ఒకరు చెయ్యాలి. పంతొమ్మిదో ఏట పేపర్లో ప్రకటన చూసి, మంచు మీద జారడానికి వచ్చేవాళ్లు దిగే స్కీ లాడ్జిలో గిన్నెలు కడగడానికి మూడు నెలలకని కొండ ఎక్కింది. ఆ దక్షిణ దేశంలో జూన్‌నుంచి ఆగస్టుదాకా చలికాలం. ఆగస్టు అయిపోగానే వెళ్లిపోదామని పెట్టెలో సగం బట్టలు బయటికే తియ్యలేదు. సెప్టెంబరు వచ్చేసరికి మెర్విన్ ట్రెంబత్ ఆమె కలిపే టీ కోసం రోజుకి మూడుసార్లు వంటింటి వెనక తలుపు దగ్గర నిలబడుతున్నాడు. మరుసటి ఏడు పెళ్లయింది. ఇక పిల్లలు పుట్టరేమో అనుకున్నాక, ఏడేళ్లకు లీయాన్ పుట్టింది. ఆ ఒక్కతే పిల్ల.

మెర్వ్ పని కొండ మీద దారులకు గుర్తులు పెట్టడం. ఆకుపచ్చ గుండ్రటి బిళ్ళ ఉంటే నేర్చుకునేవాళ్లు దిగవచ్చు. నీలం నలుచదరం ఉంటే కాస్త చేతనైనవాళ్లు. నల్ల వజ్రం ఉన్నచోట తెలిసినవాళ్లు తప్ప తక్కినవాళ్లు తాడు దాటకూడదు. చూసేవాళ్లకి ఇదంతా రేకు ముక్కలకి రంగు వేసి మేకులు కొట్టే పనిలాగే కనిపిస్తుంది. కాని కొండ ఏ రోజుకారోజు వేరు. పగలు వాన పడి తెల్లారేసరికి గడ్డకడితే నిన్నటి నీలం ఇవాళ నలుపవుతుంది. అందుకని జనాన్ని పైకి చేరవేసే లిఫ్టులు తిరగకముందే మెర్వ్ పైకి వెళ్లి ఒక్కొక్క దారీ తానే దిగి చూసేవాడు. తన కాళ్ల కింద పడని దారికి ఏ గుర్తూ ఎక్కేది కాదు. అది అతని నియమం. మంచి నియమమనే కొండంతా అనుకునేది. కొండ మీద పడ్డవాళ్లని చూసుకునే గస్తీ కుర్రవాళ్లు కొలిచే పరికరాలు తెచ్చి వాలు ఎన్ని డిగ్రీలో చెప్పబోతే, వాలు సంగతి మోకాళ్లకి తెలుస్తుందని, అంకెలు తరవాత రాసుకోమని చెప్పేవాడు.

అతని మోకాళ్లు మూడేళ్ల వయసునుంచి, కాలికో పలక కట్టుకునే స్కీల మీద పెరిగినవి. ఆ సంగతి మాత్రం ఎవరూ ఆలోచించలేదు.

స్నోబోర్డులు వచ్చిన కొత్తలో కార్మోడీ వాళ్లు వాటిని కొండ మీదికి రానివ్వలేదు. తరవాత రానివ్వక తప్పలేదు. మెర్వ్ వాటిని ఇస్త్రీబల్లలు అనేవాడు. రెండు కాళ్లూ ఒక్క పలకకి కట్టేసుకుని పక్కకి తిరిగి జారేవాళ్లని చూపించి, ఇంట్లో బట్టలు అయిపోయాయా అని అడిగేవాడు. పాత స్కీవాళ్లందరిదీ అదే ధోరణి. ఆ పిల్లలు ఎక్కడ పడితే అక్కడ మంచులో కూర్చుంటారని, దారికి అడ్డమని విసుక్కునేవాళ్లు. ఎందుకు కూర్చుంటున్నారని అడిగినవాళ్లు లేరు.

లీయాన్ కింది ఊళ్లో పళ్ల డాక్టరు దగ్గర పని చేసేది. తండ్రి నేర్పిన స్కీలు ఆమెకి నడకలాంటివి. ఇరవై నాలుగో ఏట, ఆగస్టు నెలలో, ఒక వారం సెలవు పెట్టి బోర్డు కొనుక్కుని ఇంటికి వచ్చింది. మెర్వ్ ఆ బోర్డుని వంటింటి గోడకి ఆనించి చూసి, మీ అమ్మకి పనికొస్తుంది, కాళ్లు బిగిస్తే సరి అన్నాడు. లీయాన్ కిలకిలా నవ్వింది. రెండు రోజులు పిల్లలతోపాటు నేర్చుకునే వాలులో పడుతూ లేస్తూ గడిపింది. మూడోరోజు పొద్దున రొట్టెకి వెన్న రాసుకుంటూ, అక్కడ ఇరుకుగా ఉంది, ఒక్కసారైనా పైకి వెళ్లాలని ఉంది, ఏ దారిన దిగను నాన్నా అని అడిగింది.

"గొడ్లదారిన దిగు. మా అమ్మ బతికుంటే ఆవిడ కూడా దిగేది," అన్నాడు మెర్వ్.

పూర్వం కాపర్లు వేసవి మేతకని ఆవుల్ని కొండమీదికి తోలుకుపోయిన దారి అది. కొండకి అడ్డంగా, నడుముకి పటకా చుట్టినట్టు, కిలోమీటరు పొడుగున చదునుగా సాగుతుంది. కుడి చేతి వైపు కొండ, ఎడమ చేతి వైపు యూకలిప్టస్ చెట్లు, వాటి కింద వాగు లోయ. స్కీల మీద నిలబడినవాళ్లు చేతి కర్రలతో నెట్టుకుంటూ, కబుర్లు చెప్పుకుంటూ పోతారు. పైనుంచి కిందికి ఉన్న పచ్చదారి అదొక్కటే. ఆ పొద్దున కూడా మెర్వ్ దాని మీద స్కీలతో వెళ్లి, బాగానే ఉందని బిళ్ళ తగిలించాడు.

దారి పొడుగునా పాతిన గుర్తు కర్రల్లో పదోదాని దగ్గర లీయాన్ వెనక్కి పడింది. దారి అంచు మీదుగా జారి లోయలోకి పోయింది. గస్తీవాళ్లు ఆమెని చేరేసరికి మెర్వ్ వాళ్లకంటే ముందే అక్కడున్నాడు. పిల్ల అప్పటికే లేదు.

విచారణ జరిగింది. దారి వాలు ఏడు డిగ్రీలు, పచ్చదారికి ఉండాల్సినదానికంటే తక్కువే అన్నారు. పొద్దుటి మంచు గట్టిగా ఉంది, అమ్మాయి కొత్తగా నేర్చుకుంటోంది, ఎవరి తప్పూ లేదు అని రాశారు. మెర్వ్ ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. నోలీన్ పిల్ల బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్లీ బీరువాలో పెట్టింది. ఎందుకు ఇస్త్రీ చేసిందో ఆమెకే తెలియదు. చేతులు ఊరుకోలేదు.

ఆ వేసవంతా ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా భోజనాలు చేశారు. అతను ఏమైనా చెప్తాడని ఆమె కనిపెట్టుకుని ఉంది. అతను కంచె బాగు చేశాడు, కట్టెలు కొట్టాడు, పొగగొట్టం దులిపాడు. కొట్టిన కట్టెలు రెండు చలికాలాలకి సరిపోతాయి.

జూన్‌లో మళ్లీ మంచు పడింది. గస్తీ గదిలో నోలీన్ ఎప్పటిలాగే గుమ్మడికాయ సూపు కాయడం మొదలుపెట్టింది. అందరూ ఆమెతో మెల్లగా మాట్లాడేవాళ్లు, గిన్నె కింద పెట్టేటప్పుడు చప్పుడు చెయ్యకుండా పెట్టేవాళ్లు. ఆ మర్యాద ఆమెకి మోయలేని బరువుగా ఉండేది.

రెండోవారంలో మారామా వచ్చింది. న్యూజీలాండ్‌నుంచి ఏటా చలికాలానికి వచ్చి బోర్డు నేర్పే మావోరీ పిల్ల, ఇరవై ఆరేళ్లుంటాయి. పెద్దవాళ్లని ఆంటీ అనడం వాళ్ల అలవాటు. వచ్చి, సూపు వద్దంది. వంటింటి వెనక కట్టెల పక్కన నిలబడి చాలాసేపు చేతి తొడుగులు తీస్తూ వేసుకుంటూ ఉంది. ఆఖరికి నోలీనే పొయ్యి తగ్గించి బయటికి వెళ్లింది.

"ఆంటీ, మీకు చెప్పకుండా ఈ కొండ మీద నేను పని చెయ్యలేను," అంది మారామా. "గొడ్లదారి మా బోర్డువాళ్లకి పచ్చ కాదు. ఆ మాట నేను మెర్వ్‌కి చెప్పాను. లీయాన్ పోవడానికి రెండేళ్ల ముందే చెప్పాను."

తరవాత విడమరిచి చెప్పింది. చాలామంది ఎడమ కాలు ముందు పెట్టి జారతారు. అలా జారేవాళ్ల ముఖం కుడి వైపు ఉంటుంది. గొడ్లదారి మీద కుడి వైపు కొండ. అంటే కిలోమీటరు పొడుగునా కొండకి ముఖం పెట్టి, లోయకి వీపు పెట్టి, మునివేళ్ల మీద నిలబడి పోవాలి. ఆగితే చదునులో ఇరుక్కుపోతారు, అందుకని ఆగరు. కొత్తవాళ్ల పిక్కలు ఐదారు కర్రలు దాటేసరికి వణుకుతాయి. మడమ కాస్త కిందికి వాలిందా, బోర్డు వెనక అంచు మంచులో దిగబడి మనిషిని వెనక్కి విసిరేస్తుంది. వెనక ఉన్నది లోయ. స్కీవాళ్లు ముందుకి చూస్తూ రెండు పాదాల మీద నడిచినట్టు పోతారు కనక వాళ్లకి ఇది కలలో కూడా తెలియదు. బాగా నిటారుగా ఉన్న నీలం దారి కూడా బోర్డువాళ్లకి దీనికంటే మేలు, అక్కడ మడమల మీద కూర్చున్నట్టు జారిపోవచ్చు అంది.

మెర్వ్ ఏమన్నాడని నోలీన్ అడిగింది.

మారామా నేలవైపు చూసింది. కూర్చున్నచోట చలేస్తే వాళ్లే లేస్తార్లే అన్నాడని చెప్పింది. గదిలో ఉన్నవాళ్లందరూ నవ్వారట. తనూ నవ్వేసి ఊరుకుందట. కాగితం మీద రాసి మేనేజరుకి ఇచ్చి ఉండాల్సింది, అది తన తప్పు అంది. నోలీన్ ఆ పిల్ల చేతి తొడుగులు తీసుకుని, తడిగా ఉన్నాయని పొయ్యి దగ్గర ఆరవేసింది.

ఆ సాయంత్రం మెర్వ్‌ని ఆమె ఏమీ అడగలేదు. మర్నాడు లీయాన్ బోర్డూ బూట్లూ తీసింది. బూట్లు ఒక వేలెడు పెద్దవి. ఇంకో జత మేజోళ్లు తొడుక్కుని నేర్చుకునే వాలు దగ్గరికి వెళ్లి, ఆరేళ్ల పిల్లల వరసలో నిలబడింది.

యాభై ఒకటో ఏట మనిషి పడితే నేల గట్టిగా తగులుతుంది. మొదటిరోజు తోక ఎముక మీద పడి, గుడ్లనీళ్లు కుక్కుకుంది. తాడు పట్టుకుంటే పైకి లాక్కుపోయే లిఫ్టు దగ్గర నాలుగుసార్లు జారిపోయింది. ఒక చిన్నపిల్ల వచ్చి, మోకాళ్లు వంచు నానమ్మా, అంతే అని చెప్పి పోయింది. మూడోరోజుకి కొండంతా పొక్కింది. నోల్ ఇస్త్రీబల్ల ఎక్కిందట అని లిఫ్టు దగ్గర ఎవరో అన్నారు, పక్కవాడు మోచేత్తో పొడిచాడు. మెర్వ్ చెవిన పడకుండా ఎలా ఉంటుంది. అతను ఆమె కుంటుకుంటూ కుర్చీలో కూర్చోవడం చూశాడు. వేడినీళ్ల సంచీ తెచ్చి ఒళ్లో పెట్టి, అవతలి గదిలోకి వెళ్లాడు.

పదోరోజున మారామా ఆమెని గొడ్లదారికి తీసుకెళ్లింది. దారి వారన గుచ్చిన నారింజరంగు కర్రలు వరసగా కనిపిస్తున్నాయి. నోలీన్ కొండకి ముఖం పెట్టి, మునివేళ్ల మీద నిలబడింది. మారామా ఆమెకంటే కింది వైపు, ఒక చెయ్యి ఆమె వీపుకి ఆనించి వచ్చింది. మొదటి కర్ర, రెండో కర్ర. ముక్కు ముందు తెల్లటి గట్టు తప్ప ఏమీ కనిపించదు. వెనక ఏముందో కనిపించదు, కాని ఉందని వీపుకి తెలుస్తూనే ఉంటుంది. మూడో కర్ర దగ్గర పిక్కలు మండాయి. నాలుగో దానికి కాళ్లు తనవి కానట్టు కొట్టుకున్నాయి. ఐదో కర్ర చేరకముందే మారామా చేతిమీద వాలిపోయి, నన్ను కూర్చోబెట్టు అంది.

మంచులో కూర్చుని ఆమె ముందున్న కర్రలు లెక్కపెట్టింది. లీయాన్ పదిదాకా వచ్చింది. ఎంత ఓర్చుకుందో పిల్ల. తండ్రి పచ్చ అన్నాడు కనక, తన చేతకానితనమే అనుకుని ఓర్చుకుని ఉంటుంది.

ఆరోజు గురువారం. శనివారంనుంచి బడులకి సెలవులు. పట్నాలనుంచి బస్సులు బస్సులుగా జనం వస్తారు, సగం మంది బోర్డులు అద్దెకి తీసుకునేవాళ్లే. పైనున్న ఒక్క పచ్చబిళ్ళ చూసి వాళ్లందరూ ఈ దారినే దిగుతారు. ఆ బిళ్ళ శనివారానికి అక్కడ ఉండకూడదు. నోలీన్‌కి ఇంకో కోరిక లేదు.

మేనేజరు స్టూవర్ట్ పైక్ ఆమెని కూర్చోబెట్టి, తలుపు వేసి, ఎంతో మర్యాదగా విన్నాడు. దారి ఏడు డిగ్రీలేనని, విచారణవాళ్లే ఒప్పుకున్నారని చెప్పాడు. ఇది నీలం చేస్తే పైనుంచి దిగడానికి పచ్చదారే ఉండదని, కొత్తవాళ్లని పైకే పంపలేమని అన్నాడు. ఆఖర్న కాస్త ఇబ్బందిగా కుర్చీలో కదిలి, అయినా గుర్తు ఏదన్నది నా చేతిలో లేదు, మెర్వ్ రాసిస్తే నేను సంతకం పెడతాను, ముప్పయ్యేళ్లుగా అంతే కదా అన్నాడు. అంటే అది తిరిగి తిరిగి ఆమె వంటింటికే వచ్చింది.

సాయంత్రం మాంసం కూర, బఠాణీలు వడ్డించి, ఎదురుగా కూర్చుని చెప్పింది. గొడ్లదారి తాను సగం కూడా దిగలేకపోయానని, దాన్ని నీలం చెయ్యమని. మెర్వ్ తల ఎత్తకుండా, ఆ దారి పచ్చే అన్నాడు. ఎన్నిసార్లు దిగి చూశానో నీకు తెలుసు అన్నాడు. అతని చేతిలో ఫోర్కు ఒకే బఠాణీని కంచం చుట్టూ తిప్పుతోంది.

"నీ కాళ్లు స్కీల మీద నిలబడి చెప్పాయి మెర్వ్," అంది నోలీన్. "మన పిల్ల బోర్డు కట్టుకుని ఒక్కసారి దిగు. దిగి కూడా పచ్చే అంటే, నేనింక ఈ జన్మలో నోరెత్తను."

అతను కంచం పక్కకి నెట్టి లేచాడు. బూట్లు నాకు పట్టవు అన్నాడు. అద్దె బూట్లు ఉన్నాయని ఆమె అంది. అతను బయటికి పోయి, ఇప్పటికే కొట్టి పేర్చిన కట్టెల్ని మళ్లీ సర్దాడు.

శుక్రవారం పొద్దున నోలీన్ లేచేసరికి గోడ దగ్గర బోర్డు లేదు. ఆమె కోటు తగిలించుకుని, మొదటి కుర్చీ లిఫ్టులో పైకి వెళ్లి, గొడ్లదారి వెంట నడుచుకుంటూ పదో కర్ర దాకా వచ్చి నిలబడింది. ఏడాదిగా ఆ చోటికి ఆమె రాలేదు. చూడ్డానికి ఏమీ లేదక్కడ. అన్నిచోట్లా ఉన్నట్టే ఉంది మంచు.

కాసేపటికి మెర్వ్ మలుపులో కనిపించాడు. తూకం తెలిసిన ఒళ్లు అతనిది. అంతకుముందు ఎక్కడో రెండు గంటలు సాధన చేసి ఉంటాడు, ఎడమ కాలు ముందు పెట్టి, కొండకి ముఖం పెట్టి, నిటారుగా వస్తున్నాడు. నాలుగు కర్రలు అలాగే వచ్చాడు. ఐదో దాని దగ్గర మోకాళ్లు అదిరాయి. పడ్డాడు, లేచాడు. చదునులో బోర్డు కదలక, నేలమీద చేతులు పెట్టి పసివాడిలా నెట్టుకున్నాడు. మళ్లీ జారడం మొదలయింది. ఏడో కర్ర దాటాక, వెనక ఏముందోనని తల తిప్పి చూడబోయాడు. ఆ తిప్పడంలో మడమ వాలింది.

అతను విసిరేసినట్టు వెనక్కి పడ్డాడు. తల నేలకి కొట్టుకుని, అంచు దాకా జారి, మొదటి యూకలిప్టస్ మొదలుకి బోర్డు అడ్డం పడి ఆగాడు. ఆమె మోకాళ్ల లోతు మంచులో దిగబడుతూ అతని దగ్గరికి చేరింది. కళ్లు తెరిచే ఉన్నాయి. దెబ్బ పెద్దది కాదు. అయినా లేవలేదు. కొమ్మల్లోంచి ఆకాశంలోకి చూస్తూ పడుకున్నాడు.

"మారామా నాకు చెప్పింది నోల్. రెండేళ్ల ముందే చెప్పింది."

"తెలుసు."

"నేను నవ్వాను."

"అదీ తెలుసు."

నువ్వెప్పుడూ అడగలేదే అన్నాడు. నువ్వే చెప్తావని చూశానంది ఆమె. అతని కాళ్లకున్న పట్టీలు విప్పుతుంటే, అవి పిల్ల కాళ్లకి బిగించినట్టే ఉన్నాయి, తనకి సరిపడేట్టు వదులు కూడా చెయ్యలేదు, అతను అలాగే ఇరికించుకుని వచ్చాడు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని అంచు ఎక్కారు. అతను ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదని నోలీన్ తరవాత చాలాసార్లు అనుకుంది.

మధ్యాహ్నానికి మెర్వ్ రాసిచ్చాడు, పైక్ పళ్లు బిగించి సంతకం పెట్టాడు. సాయంత్రం లిఫ్టులు ఆగేలోపు పచ్చబిళ్ళ దిగి నీలం నలుచదరం ఎక్కింది. శనివారం బస్సులు వచ్చాయి. పైకి వెళ్దామనుకున్న కొత్తవాళ్లు గుర్తు చూసి, గొణుక్కుని, కింద నేర్చుకునే వాలుకే పోయారు. స్కీవాళ్లు మాత్రం ఎగతాళి చేశారు. ఆవులు నడిచిన దారికి నీలమా, రేపు మెట్లకి కూడా పెడతారేమో అని ఒక ముసలాయన సూపు తాగుతూ అందరికీ వినపడేట్టు అన్నాడు. నోలీన్ అతనికి రెండో గరిటె కూడా పోసింది. ఆమెకి కావలసింది జరిగింది. ఆ రోజు ఆమె ఏడాది తరవాత మొదటిసారి కాస్త ఆకలితో తిన్నది.

ఆ తరవాత జరిగేది మాత్రం ఆమె ఊహించలేదు.

ఆదివారం మెర్వ్ కింద వాగు పక్కనున్న ఇంకో పచ్చదారిని బోర్డు మీద దిగి, నీలం చేశాడు. సరే, అదీ అడ్డంగానే ఉంటుంది అనుకున్నారు. మంగళవారం లాడ్జి వెనక దారి. అక్కడ ఏముందని పైక్ అడిగితే, నాకు తెలియదు, అదే సంగతి అన్నాడట. బుధవారం ఒక నీలాన్ని నలుపు చేశాడు. గురువారం దాన్ని మూసేశాడు. పొద్దున్నే వెళ్లినవాడు పదింటికి కూడా దిగేవాడు కాదు. ఒకే దారిని స్కీల మీద, బోర్డు మీద, ఎడమ కాలు ముందు, కుడి కాలు ముందు, ఆఖరికి కాలినడకన కూడా దిగి చూసేవాడు. దిగి, గుర్తు చేతిలో పట్టుకుని నిలబడేవాడు. గస్తీవాళ్లు కింద తాడు దగ్గర జనాన్ని ఆపలేక తిట్టుకునేవాళ్లు, అతని ముందు మాత్రం అనేవాళ్లు కాదు. ఇంట్లో కూడా అంతే. గుమ్మం ముందు ఉప్పు చల్లావా, మెట్టు గట్టిగా ఉందా అని రోజుకి పదిసార్లు అడిగేవాడు. ఉందంటే నమ్మేవాడు కాదు, లేదంటే కూర్చుండిపోయేవాడు.

రెండో శనివారం పొద్దున పైక్ స్వయంగా వంటింటికి వచ్చాడు. కొండ మీద ఒక్క పచ్చబిళ్ళ కూడా లేదు నోల్, నువ్వొకసారి రా అన్నాడు. అతని గొంతులో కోపం లేదు. అది చూసి ఆమెకి భయం వేసింది.

నేర్చుకునే వాలు పైన మెర్వ్ నిలబడి ఉన్నాడు. అడ్డం కట్టిన తాడు విప్పలేదు. వెనకాల రంగురంగుల టోపీలతో పిల్లలు అరవై మంది, వాళ్లని పట్టుకుని మారామా, మిగతా టీచర్లు. ఏ పిల్లా అల్లరి చెయ్యడం లేదు. పెద్దవాళ్ల ముఖాలు చూసి వాళ్లకీ ఏదో తెలిసిపోయింది. మెర్వ్ పొద్దుటినుంచి ఆ వాలు ఎన్నిసార్లు దిగాడో, ఒళ్లంతా మంచే. చేతిలో ఆకుపచ్చ బిళ్ళ ఉంది. దాన్ని తగిలించాల్సిన మేకు అతని మోచేతి పక్కనే ఉంది.

నోలీన్ దగ్గరికి వెళ్లింది. ఆమెని చూసి అతను కాస్త తేరుకున్నట్టయ్యాడు.

"ఇది పచ్చేనా నోల్?"

"పచ్చే మెర్వ్."

"నీకెలా తెలుసు?"

"నేను దీని మీద పడ్డాను. ఎన్నోసార్లు పడ్డాను. లేచాను."

"నువ్వు లేచావు," అన్నాడు మెర్వ్.

ఒక్క బిళ్ళ కోసం ఆమె అతన్ని గొడ్లదారి మీదికి పంపింది. ఆ దారి మీద అతను పోగొట్టుకున్నది ఒక్క బిళ్ళ కాదు. ముప్పయ్యేళ్లు నమ్మిన కాళ్లు అక్కడే పోయాయి. ఇప్పుడు అతనికి ఆనుకోవడానికి ఏదీ మిగల్లేదు. తాను చేసింది తప్పు కాదని నోలీన్‌కి తెలుసు. మళ్లీ చెయ్యాల్సి వచ్చినా చేస్తుంది. తెలిసినంత మాత్రాన ఎదురుగా నిలబడిన మనిషి మారలేదు.

ఆమె అతని చేతిలోంచి బిళ్ళ తీసుకుని మేకుకి తగిలించింది. వేళ్లు బిగుసుకుపోయి ఉంటే ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. తాడు మారామా విప్పింది. పిల్లలు ఒకళ్ల వెనక ఒకళ్లు జారుకుంటూ పోయారు. వాళ్లలో ఎవరు పడినా మెర్వ్ ఒళ్లు ఉలిక్కిపడుతోంది. అందుకని నోలీన్ అతన్ని ఇటు తిప్పి, చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చింది.

ఆ తరవాత అతను ఏ దారికీ గుర్తు పెట్టలేదు. ఆ పనికి ఇంకొకతన్ని పెట్టుకున్నారు, మంచివాడే. గొడ్లదారి నీలంగానే ఉంది. ఆ చలికాలం అక్కడినుంచి ఎవర్నీ మోసుకురాలేదని జనం నోలీన్‌తో ఓదార్పుగా చెప్తూ ఉంటారు. ఆమె అవునంటుంది.

ఆ శనివారం మాత్రం ఇల్లు చేరడానికి వాళ్లిద్దరికీ గంట పట్టింది. లాడ్జి వెనకనుంచి పది నిమిషాల నడక. ప్రతి అడుగుకీ ముందు మెర్వ్ ఆగి, బూటు కొనతో మంచుని తట్టి, ఆమె ముఖంలోకి చూసేవాడు. నోలీన్ తల ఊపేది. అప్పుడు అడుగు వేసేవాడు.